లోపలివాడు దిగిపోయిన ఏడాది

నేను మాట్లాడటం మానేసిన నాలుగు రోజుల్లో మా వీధిలో ఏడుగురు నా కాళ్లకు మొక్కారు. అంతకు ముందు నలభై ఏళ్లు ఆపకుండా మాట్లాడాను, ఒక్కరూ మొక్కలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు మూస్తే ఊరు ఇంకా మంచిదవుతుందని నాకు అనుభవంలో తెలిసింది.

ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను. అప్పుడు నవ్వడం కూడా చేతకాలేదు. రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, జరిగింది వరసగా పెట్టుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. రెండోది, మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మాట ఆగి, చేతిలోది జారి పడితే, దేవుడి మీద ఎంత భక్తి ఉన్నా సరే, ముందు ఆసుపత్రికి పరిగెత్తండి. దేవుడు కొండ మీదే ఉంటాడు, ఎక్కడికీ పోడు. మనకే టైము ఉండదు.

నేను తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా పోయే ప్రైవేటు బస్సులో కండక్టరును. బతుకంతా నోటి మీదే. అయితే నేను బయటికి మాట్లాడేది సగమే, మిగతా సగం లోపల. నాలో ఒకడుండేవాడు. వాడికి టికెట్టు లేదు, దిగే స్టాపూ లేదు. లెక్కలు అరవంలో చేసేవాడు, తిట్లు తెలుగులో తిట్టేవాడు. పాండూరు దగ్గర సరిగ్గా తన చేను గట్టు మీదే బస్సు ఆపాలని పట్టుబట్టే పెద్దాయనకు నేను బయట "సరింగయ్యా" అంటుంటే, వాడు లోపల "వంటింట్లోకే తోలేదా అయ్యా, పొయ్యికాడ దిగుదువు" అనేవాడు. నాకు ఇంత మర్యాదస్తుడనే పేరు రావడానికి కారణం వాడే. నా అమర్యాదంతా వాడే మోసేవాడు.

లోపల మాట్లాడేప్పుడు నా పెదాలు సన్నగా కదులుతాయట. నాకు తెలియదు. నా భార్య కనకమ్మకు తెలుసు. నాకు మేనమామ కూతురు, చిన్నప్పటినుంచి నా ముఖం చదివిన మనిషి. అన్నం వడ్డిస్తూ గరిటె ఆపి అడిగేది.

"ఎవురితో కొట్లాడతాండావు మామా?"

"ఎవురితోనూ లేదే."

"డ్రైవరన్నతోనే గదా? కింద పెదవి బిగిసింది. గెలిచినట్లుండావు, సాంబారు పోసేదా?"

ఆ పెదాల సంగతి గుర్తుంచుకోండి. నా ప్రాణం దాని మీదే నిలబడింది.

ఆడి నెల

డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఆడికృత్తికకు ఇంకా వారం ఉంది. తిరుత్తణి కొండకు ఆ రోజు కావళ్లు మోసుకుని జనం పోటెత్తుతారు. కొందరు నోటిబీగం మొక్కుకుంటారు. అంటే కొన్ని రోజుల ముందు నుంచే ఒక్క మాట మాట్లాడకుండా, నోటికి పసుపుగుడ్డ కట్టుకుని కొండెక్కి, సామి ముందర విప్పించుకుంటారు. ఆ ఆదివారం నేను భోజనాల దగ్గర రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడితే మా అమ్మ తల పట్టుకుంది.

"రేయ్, నీ నోటికి బీగం లేదా?"

"ఉండాది మా. ఈ కృత్తికకు వేసుకుంటా. అప్పుడన్నా మీకు నిద్ర పడతాది" అన్నాను.

నవ్వులాటకు అన్నమాట. దాన్ని మా అమ్మ కొంగున ముడేసుకుంది.

మంగళవారం పొద్దున కనకమ్మ కాఫీ లోటా ఇచ్చింది. చెయ్యి చాచాను. లోటా కింద పడింది. నా కుడిచెయ్యి ఎవరిదో బట్టల మూట లాగా పక్కన వేలాడుతోంది. బతుకంతా "పోలాం రైట్" అని అరిచి బస్సు కదిలించినవాడికి రైటు పక్కే పోయింది. "ఏమి మామా, జారిందా?" అంది కనకమ్మ. జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఏమీ లేదు.

ఇక్కడ నేను సరిగ్గా చెప్పాలి. మాట గొంతులో ఇరుక్కోలేదు, నాలుక మీద ఆగలేదు. ఆగడానికి మాటంటూ లోపల ఉండాలి కదా. బస్సు షెడ్డు తలుపు తీసి చూస్తే బస్సే లేనట్టు. కింద కాఫీ కనబడుతోంది. అది కాఫీ అని చెప్పేవాడు లేడు. ఆకలి వేసింది, "ఆకలి" లేదు. భయం కూడా సగమే వేసింది. "అయ్యో, నీకేదో అయింది" అని మనకు మనం చెప్పుకుంటేనే కదా భయం పూర్తయ్యేది. ఇప్పుడు ఇన్ని మాటలు పెట్టి రాస్తున్నాను, ఇవన్నీ తరవాత అతికించినవి. ఆ రోజు ఉన్నది ఎండ, గోడ, గిన్నెల చప్పుడు, అంతే.

మా అమ్మ వచ్చి చూసింది. గోడకు ఆనుకుని, ఎటో చూస్తూ, నోరు మెదపకుండా కూర్చున్న కొడుకు. ఆమె చేతులు జోడించింది.

"నా బిడ్డ అన్న మాట నిలబెట్టుకున్నాడే!"

"అత్తా, చెయ్యి చూడు, వేలాడతాండాది" అంది కనకమ్మ.

"ఒంటిపూట ఉపవాసం గదమ్మా, నీరసం. అడగబాక, మాట్లాడించబాక. వ్రతం చెడతాది."

నేను ఉపవాసం ఉన్నానని నాకు తెలియదు. అన్నం నోటిదాకా పోక కింద పడుతుంటే అమ్మ దాన్ని ఉపవాసంలో జమ చేసింది. నోటికి పసుపుగుడ్డ కట్టింది. వీధివాళ్లు రావడం మొదలుపెట్టారు. పక్కింటి అరవావిడ తన కూతురికి నా చేత విభూతి పెట్టించింది, ఎడమచేత్తో. ఎడమచేత్తో పెట్టే సామి మరీ ఉగ్రమని ఆమే చెప్పుకుందట. నేను అందరినీ ఒకేలా చూస్తూ కూర్చున్నాను. వాళ్లకది శాంతం. నిజానికది ఖాళీ.

నాలుగో రోజు కనకమ్మ నా ఎదురుగా కూర్చుంది. గుడ్డ కిందికి లాగింది. చాలాసేపు నా పెదాల వంక చూసింది. తరవాత లేచి మా అమ్మ దగ్గరికి పోయింది.

"అత్తా, వ్రతమనేది బయటి నోటికే గదా?"

"అవునమ్మా."

"లోపల గూడా మూసుకుంటారా ఎవురన్నా? నాలుగు దినాలుగా చూస్తాండా. పెదాలు ఒక్కతూరి కదల్లేదు. ఈ మనిషి నిద్రలో గూడా ఎవురో ఒకరిని తిట్టేవాడే. లోపల ఎవురూ లేరత్తా! నేను మద్రాసుకు తోడుకోని పోతా."

"కృత్తిక ఎల్లుండే గదా..."

"సామి వచ్చే ఏడాది గూడా ఉంటాడు. ఈయన ఉండొద్దా?"

పెద్దాసుపత్రి

అమ్మ గుడ్డ విప్పనివ్వలేదు, తనూ మా వెంట బయల్దేరింది. రైల్లో నా పసుపుగుడ్డ చూసి జనం లేచి సీటు ఇచ్చారు. మా బస్సులో నేను ఎంత అరిచినా ఎవరూ జరిగింది లేదు. కడంబత్తూరులో ఎక్కి వచ్చిన ఒక ముసలామె నా ఒళ్లో రెండు అరటిపళ్లు పెట్టి కళ్లకద్దుకుంది. కనకమ్మ ఆ పళ్లు పట్టుకుని మద్రాసు దాకా ఏడుస్తూనే ఉంది.

బయటి రోగుల హాల్లో పొడుగాటి చెక్క బల్లలు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మా వంతు రాలేదు. ఆ బల్ల మీద మా పక్కన కూర్చున్న ఆమె, తన మొగుడి గాయం కట్టు విప్పించడానికి వచ్చినట్టుంది, తన పెరుగన్నం పొట్లంలో సగం మాకిచ్చింది. నా నోట్లో పెట్టి, కారిపోతే తన కొంగుతోనే తుడిచింది. ఆమె పేరు తెలియదు. మాట వచ్చాక అడగాలనుకున్న పేర్లలో అదొకటి.

డాక్టరమ్మ నా నోటి గుడ్డ విప్పి, "ఇదెందుకు?" అంది. అమ్మ వ్రతం సంగతి చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన కొద్దిపాటి తెలుగులో, "అవ్వా, ఇది వ్రతం కాదు. తలలో చిన్న నరం మూసుకుంది. మాట, కుడిచెయ్యి రెండూ ఒకే ఇంట్లో కాపురం. ఆ ఇంటికే దెబ్బ తగిలింది" అంది.

అమ్మ ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. ఆ తరవాత కనకమ్మ వంక చూడలేకపోయింది. కనకమ్మ కూడా చూడలేదు. అత్తాకోడళ్లకు మాటలు ఆగిపోయాయి. ఇంట్లో ముగ్గురమూ మౌనమే, జబ్బు మాత్రం ఒక్కడికి.

ఆ మౌనానికి ముందు ఆఖరి మాట నా మంచం దగ్గరే జరిగింది. అమ్మ కొండ దిక్కుకు తిరిగి మొక్కుకుంది. "నా బిడ్డకు మాటొస్తే, సామీ, వచ్చే ఆడికి నోటిబీగంతో వాడినే ఎక్కిస్తా."

కనకమ్మ మండిపడింది. "నోరొస్తే నోరు మూపిస్తానని మొక్కేది యాడన్నా ఉందా అత్తా?"

ఆవణి, పురటాసి

వార్డులో మూడో వారం మా డ్రైవరు దేవరాజన్న వచ్చాడు. పదేళ్లు ఒకే బస్సులో పనిచేసినా మేము ముఖాముఖి మాట్లాడుకున్నది తక్కువ. ఆయన ముందు, నేను వెనక. నేను బస్సు రేకు మీద రెండుసార్లు కొడితే ఆయన కదిలేవాడు, ఒకసారి కొడితే ఆగేవాడు. అదే మా కుశల ప్రశ్న. ఇప్పుడు మంచం పక్కన నిలబడ్డాడు. తల గోక్కున్నాడు. చివరికి పోవడానికి తిరిగి, అలవాటు కొద్దీ మంచం ఇనప పట్టీ మీద చేత్తో రెండుసార్లు కొట్టాడు.

"పోలాం రైట్!" అన్నాను నేను.

వార్డంతా తిరిగి చూసింది. అందరికన్నా ఎక్కువ అదిరిపడింది నేనే. నోరు అక్కడితో ఆగలేదు. "తిరువళ్లూరు, తిరుపాచూరు, పాండూరు, కనకమ్మ సత్రం, తిరుత్తణీ!" అని తిరుత్తణి చివర దీర్ఘంతో సహా పోయి నిలబడింది. దేవరాజన్న ఏడుస్తూ మళ్లీ కొట్టాడు. మళ్లీ తిరువళ్లూరు నుంచి బయల్దేరాను. ఆ పూట ఆరు ట్రిప్పులు వేశాం. నర్సు వచ్చి సర్వీసు ఆపేసింది.

రోజూ వల్లించినవి ముందు వస్తాయట. డాక్టరమ్మ చెప్పింది. కానీ వాటిని వరసగానే అనగలిగేవాణ్ణి. మధ్యలో ఎక్కడా ఎక్కలేను. ఒకరోజు దాహమైంది. కనకమ్మ అటు తిరిగి కిటికీ దగ్గర బట్టలు మడుస్తోంది. ఆమెను పిలవాలి. ఏం చేస్తాను? తిరువళ్లూరులో బయల్దేరి, తిరుపాచూరు దాటి, పాండూరు దాటి, "కనకమ్మ" దగ్గర గట్టిగా బ్రేకు వేశాను.

ఆమె గిర్రున తిరిగింది. మా వైపు పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే మొగుడు అరుదు. పదహారేళ్ల కాపురంలో నేను "ఏమే" తప్ప అనలేదు. ఆమె ముఖం ఎర్రబడింది.

"అందురి ముందర పేరు పెట్టి పిలిచేదేంది మామా!"

పక్క మంచం ముసలాయన, "మా ఆవిడ పేరున గూడా ఒక స్టాపు పెట్టించయ్యా" అన్నాడు.

నవ్వులు బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ సంతోషించింది. ఇంటికి పంపించారు. అందరూ నాకు మాట వస్తోందనుకున్నారు. నాకు మాత్రం తెలుసు. తెలుసు అని చెప్పుకోలేని తెలివిడితో తెలుసు. నోటికి వస్తున్నది చిలక పలుకు. స్టాపుల పేర్లు అయిపోగానే లోపల మళ్లీ అదే ఎండ, అదే గోడ. లోపలివాడు రాలేదు. వాడు రాకపోతే నేను నలుగురు చెప్పమన్నది చెప్పే పెట్టెనే తప్ప మనిషిని కాను. బస్సు యజమాని కబురు పంపాడు, చిత్తిర నెల దాకా నా చోటు నాదేనని. చోటు ఉంది. అందులో కూర్చునేవాడే లేడు.

మార్గళి, తై

ఐదు నెలలు కనకమ్మ నన్ను వదలలేదు. పొద్దున వేణ్ణీళ్లతో చెయ్యి తోమేది. ప్రతి వస్తువూ చూపించి పేరు చెప్పించేది. చెంబు, చాప, చీపురు. చీపురు అనాల్సిన చోట "సామి" అన్నాను. "చీపురుకు దండం పెట్టిచ్చినావు, ఇంగ మేలు" అంది. అమ్మ మాత్రం దూరంగా గడప దగ్గర కూర్చునేది. నాకు ఒక కొత్త మాట వచ్చినప్పుడల్లా రవికలోని ఆ పసుపుగుడ్డను తడుముకునేది. కోడలికి వినబడేలా గోడకు చెప్పేది, "ఈ పొద్దు చాప అన్నాడు" అని. కోడలు కూడా గోడకే చెప్పేది, "నిన్నే అన్నాడు" అని. ఆ గోడకు ఆ ఏడాది చాలా సమాచారం అందింది.

తై నెల మొదట్లో, సంక్రాంతి వెళ్లగానే ఒక పొద్దున వీధి అరుగు మీద కూర్చున్నాను. మా ఇల్లు తిరుత్తణి రోడ్డు మీదే. నా బస్సు వచ్చింది. నా చోటులో కొత్తవాడు ఫుట్‌బోర్డు మీద నిలబడి, వక్కాకు నములుతూ, "పాండూర్ సత్రం తణీ" అని మూడూళ్లనూ ఒక్క ముద్దగా మింగేశాడు.

"వీని గొంతులో గుమ్మడికాయ పడా! ఊరి పేరు నోరారా చెప్పలేడా? సత్రమంట! ఎవరి సత్రం? నీ తాత కట్టించినాడా?"

అది ఎవరు అన్నారో నాకు వెంటనే తెలియలేదు. అరుగు మీద ఎవరూ లేరు. నేను నోరు తెరవలేదు. తరవాత తెలిసింది. చలి రోజు పొద్దున తిమ్మిరెక్కిన కాల్లోకి రక్తం పాకినట్టు, చిమచిమలాడుతూ తెలిసింది. వాడొచ్చాడు. అరవంలో కాదు, తెలుగులో, తిడుతూ వచ్చాడు. ఐదు నెలలు ఎక్కడ తిరిగాడో, దిగిన స్టాపులోనే మళ్లీ ఎక్కాడు. నేను కదలకుండా కూర్చున్నాను, కదిలితే బెదిరి పోతాడేమోనని. వాడు పోలేదు. కొత్తవాణ్ణి, వాడి వక్కాకును, వాడిని పెట్టుకున్న యజమానిని, అందరినీ వరసగా కడిగేస్తున్నాడు.

కనకమ్మ ముగ్గు గిన్నెతో బయటికి వచ్చింది. నన్ను చూసి ఆగింది. గిన్నె కింద పెట్టింది. దగ్గరికొచ్చి వంగి నా పెదాలు చూసింది. లోపలికి పరిగెత్తింది.

"అత్తా! అత్తా! కొట్లాడతాండాడు!"

ఐదు నెలల తరవాత ఆమె అత్తతో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఎవురితోనమ్మా?" అంది అమ్మ లేస్తూ.

"ఎవురితోనో ఏమో! లోపల కొట్లాడతాండాడు! రా, వచ్చి చూడు!"

ఇద్దరూ నా ముందర చతికిలబడి, సినిమా చూసినట్టు నా పెదాలు చూశారు. అమ్మ ఏడుస్తూ కోడలి భుజం మీద తల పెట్టింది. నేను లోపలివాణ్ణి అడిగాను, వీళ్లకు ఏం చెప్పేది అని. వాడే మాట అందించాడు. నెమ్మదిగా, ఒక్కొక్కటే బయటికి తెచ్చాను.

"ఆకలి... అవతాండాది."

ఆ రోజు నాలుగు దోసెలు తిన్నాను. "ఆకలి" ఉన్నప్పుడు తిండి రుచే వేరు.

వాడొచ్చాక మాటలు వరస కట్టాయి. ముందు వాడు లోపల అనేవాడు, నేను వెనక అందుకునేవాణ్ణి. కొన్నిసార్లు తప్పు మాట అందిస్తాడు. ఇప్పటికీ అంతే. గొడుగు అడగబోయి గొడ్డలి అడుగుతాను. వానాకాలంలో జనం నాకు కాస్త దూరంగా నిలబడతారు. చిత్తిర నెలలో యజమాని ఒక ట్రిప్పు వేయించి చూశాడు. చెయ్యి కాస్త బిగుసుకునే ఉంది, టికెట్టు చించడం ఎడమచేతికి నేర్పుకున్నాను. కనకమ్మ సత్రం రాగానే నిండుగా, ప్రతి అక్షరమూ విడివిడిగా అరిచాను. ఆ ఊరాయనే ఒకాయన దిగుతూ, "మా ఊరి పేరు ఇంత పెద్దదని ఇన్నాళ్లూ తెలీలేదు సామీ" అన్నాడు. దేవరాజన్న అద్దంలోంచి నన్ను చూసి హారన్ రెండుసార్లు కొట్టాడు. నా చోటు నాకు వచ్చింది.

మళ్లీ ఆడి

మొక్కు మొక్కే. అమ్మ ఆ నాలుగు మడతల గుడ్డ విప్పింది. కనకమ్మ ఈసారి అడ్డం చెప్పలేదు, తనే పసుపు కలిపి ఉతికింది. మూడు రోజులు నోరు కట్టుకున్నాను. వీధివాళ్లు మళ్లీ మొక్కడానికి వచ్చారు. వాళ్లు వంగుతుంటే లోపలివాడు, "లెయ్యవయ్యా, పోయిన మాసం సీటు కోసం నన్ను తోసింది నువ్వే గదా" అంటున్నాడు. నవ్వు ఆపుకోవడానికి ఆ గుడ్డ ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

కృత్తిక రోజు కొండ మెట్లు ఎక్కాం. మూడువందల అరవై ఐదు. కావళ్లు, నెమలీకలు, "అరోహరా" అనే కేకలు. సగం దాకా బాగానే ఎక్కాం. ఆయాసానికి ఒక మెట్టు మీద ఆగి, పక్కనున్న ఇనప కమ్మీకి ఆనుకుని ఎటో చూస్తూ నిలబడ్డాను. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నోటికి పసుపుగుడ్డ, ఎటో చూపు. ఆమె ముఖం పాలిపోయింది.

"వద్దు. వద్దమ్మా కనకా, విప్పెయ్. మొక్కూ వద్దు, ఏమీ వద్దు. అట్లే ఉండాడు చూడు, పోయినేడు మాదిరే ఉండాడు. విప్పెయ్ అంటాండా!"

గుడ్డ పెట్టించింది ఆమే, మొక్కింది ఆమే. ఇప్పుడు మెట్ల మీద అందరి ముందూ రెండు చేతులా ముడి వెతుకుతోంది.

కనకమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపింది. రెండు వేళ్లు గుడ్డ మీద, నా పెదాలకు ఆనించి పెట్టింది. నాడి చూసినట్టు కళ్లు మూసుకుంది. లోపల అప్పటికి రెండువందల పదకొండో మెట్టు దగ్గర పెద్ద వాదన నడుస్తోంది, దేవుళ్లంతా ఇంత ఎత్తున ఎందుకు కాపురం పెడతారని.

"ఉండాడత్తా" అంది కనకమ్మ. "లోపలే ఉండాడు. ఎవురినో బాగా తిడతాండాడు. పదండి."

అమ్మ తను కూడా వేళ్లు పెట్టి చూసుకుంది. పెట్టి, అక్కడే ఉంచేసింది.

ఆగిపోయిన జనం వెనక నుంచి తోస్తున్నారు. మాట్లాడకూడదు కదా. నేను కుడిచెయ్యి ఎత్తి, ఆ ఇనప కమ్మీ మీద రెండుసార్లు కొట్టాను.